నాలుగు శ్రుతిలో పాట, ‘డి’లో గిటారు

హార్మోనియం ముందు కూర్చున్నవాడు పాడబోయేవారిని మొట్టమొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “శ్రుతి ఎంతండీ?” ఆడవాళ్లు “ఐదు” అనో “ఐదున్నర” అనో చెబుతారు. మగవాళ్లు “ఒకటి”, “ఒకటిన్నర” అంటారు. పద్యనాటకాలవాళ్లయితే మీసం మెలేసి ఇంకా పైకి పొమ్మంటారు. ఆ అంకె చెవిన పడ్డాక మిగిలిన భారమంతా వాయించేవాడిదే. పాడేవారు తమ గొంతును అటూ ఇటూ జరుపుకోనక్కరలేదు, వాద్యమే వారి దగ్గరకు నడిచిరావాలి. మన సంగీతంలో ఎవరూ కాగితం మీద రాసిపెట్టకపోయినా అందరూ పాటించే మర్యాద ఇది.

ఇళ్లలోకి గిటారు వచ్చాక ఈ మర్యాద తలకిందులైంది. “తాతయ్యా, ఈ పాట ‘జి’లో పాడుకుందాం, నాకు ‘జి’ సులువు” అంటున్నారు పిల్లలు. అంటే వేళ్ల సులువును బట్టి గొంతు నడవాలన్నమాట! పాడేది పిల్ల అయినా, ముసలమ్మ అయినా, మీసం మొలుస్తున్న కుర్రవాడైనా గిటారుకు సులువైన శ్రుతిలోనే పాడాలి. అందక గొంతు చించుకుంటే అది పాడేవారి ఖర్మ.

ఈ రెండింటికీ రాజీ కుదిర్చే కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతున్నాయి. క్రిందటి ఉగాదికి మన సంఘం పిల్లల కార్యక్రమం కోసం మూడు నెలలపాటు వాటితో మా ఇంట్లో జరిగిన తతంగం నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సంగీతం క్షుణ్ణంగా తెలిసినవారికి ఇందులో కొన్ని సంగతులు ఒకటో తరగతి పాఠాల్లా కనిపించవచ్చు. వారు ఆ పేరాలు దాటి చదువుకోవచ్చు.

పెరంబూరుకు గిటారు కొత్త వాద్యమేమీ కాదు. మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే దారులు బెజవాడ, గుంతకల్లు దాకా సాగేవి కనుక ఆ రోజుల నుంచే తెలుగువాళ్లు ఇక్కడి రైల్వే ఉద్యోగాలకు వస్తూ ఉండేవారు. 1951లో ఆ రైల్వే దక్షిణ రైల్వేలో కలిసింది. 1955 అక్టోబరు 2న నెహ్రూగారు ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ప్రారంభించారు. నేను 1974లో అందులో చేరాను. మా పక్కనే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. శనివారం సాయంత్రం అయిందంటే వాళ్ల వరండాల్లోంచి గిటారు, మా ఇంట్లోంచి హార్మోనియం, ఎదురింట్లోంచి తమిళ రేడియో, మూడూ వీధి మధ్యలో కలుసుకునేవి.

మా షాపులో ఒక ఆంగ్లో ఇండియన్ ఫోర్‌మన్ ఉండేవాడు. చక్కగా గిటారు వాయించేవాడు. ఆయన భార్య గొంతు కాస్త పై శ్రుతి. ఆమె పాడే ముందు ఆయన జేబులోంచి ఒక పెన్సిల్ ముక్క తీసి, గిటారు మెడ మీద తీగలకు అడ్డంగా పెట్టి, రెండు రబ్బరు బ్యాండ్లతో బిగించేవాడు. అంతే, గిటారు శ్రుతి పైకి వెళ్లేది. “నీ పెట్టెలో చెక్క జరుగుతుంది. నాకు పెన్సిల్ ఉంది” అనేవాడు నాతో. నాది స్కేల్ ఛేంజర్ హార్మోనియం. మెట్ల పలక మొత్తాన్ని కాస్త ఎత్తి పక్కకు జరిపితే వేళ్లు పాత మెట్ల మీదే ఆడుతుంటాయి, శ్రుతి మాత్రం మారిపోతుంది. ఈనాటి సాఫ్ట్‌వేరు చేసే పని ఆ చెక్క, ఆ పెన్సిల్ ఎప్పటినుంచో చేస్తున్నవే.

ఈ కోరిక మనవాళ్లకే ఉందనుకోకండి. అమెరికాలో అర్వింగ్ బెర్లిన్ అనే మహా పాటల రచయిత ఉండేవాడు. 1942లో విడుదలై లోకమంతా పాడుకున్న ‘వైట్ క్రిస్మస్’ ఆయనదే. ఆయన పియానో మీద దాదాపు నల్లమెట్ల మీదే, ఎఫ్ షార్ప్‌లోనే వాయించేవాడు. మన లెక్కలో అది నాలుగున్నర శ్రుతి. వేరే శ్రుతి కావలసినప్పుడు మీట తిప్పితే స్వరం మారిపోయే ప్రత్యేకమైన పియానో చేయించుకున్నాడు. ఆయన వాడిన అలాంటి పియానో ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంపద. మన ఊళ్లో అయితే హార్మోనియం వాయించేవాడు ఒక్క శ్రుతిలోనే వాయిస్తే కచేరీకి పిలవరు!

ఇక గిటారుకు కొన్ని శ్రుతులంటే ప్రేమ, కొన్నింటితో పేచీ ఎందుకు? దాని ఆరు తీగలను పైనుంచి ‘ఇ, ఏ, డి, జి, బి, ఇ’ అని శ్రుతి చేస్తారు. కార్డు అంటే (రేషన్ కార్డు కాదు) మూడు నాలుగు స్వరాలు ఒక్కసారిగా మోగించడం. ఆ స్వరాల్లో కొన్ని వేలు పెట్టని ఖాళీ తీగల్లోనే దొరికితే మిగిలిన వాటికి రెండు మూడు వేళ్లు చాలు. అలా సులువుగా పలికేవి మేజర్లలో ఐదు: సి, ఏ, జి, ఇ, డి. మైనర్లలో మూడు: ఏ, ఇ, డి. పన్నెండు మేజర్లు, పన్నెండు మైనర్లు కలిపి 24 ఉంటే, కొత్తగా నేర్చుకునేవారి చేతికి లొంగేవి ఈ ఎనిమిదే. మిగతావాటికి చూపుడు వేలును ఆరు తీగల మీద అడ్డంగా బల్లిలా అదిమిపట్టాలి. దీన్ని ‘బార్’ కార్డు అంటారు. గిటారు నేర్చుకోవడం మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది మొదట తగిలే ‘ఎఫ్’ కార్డు దగ్గరే ఆ వాద్యాన్ని బీరువా మీదికి ఎక్కిస్తారు.

ఇప్పుడు మన శ్రుతుల్ని దాని పక్కన పెట్టి చూడండి. ఒకటి అంటే సి. ఒకటిన్నర సి షార్ప్. రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి. ఐదున్నర అంటే ఏ ఫ్లాట్. అంటే మన ఆడపిల్లలు ఎంతో హాయిగా పాడే ఐదున్నర, గిటారుకు పరమ శత్రువన్నమాట! ఏ ఫ్లాట్‌లో ఒక మామూలు లలితగీతానికి కావలసినవి నాలుగు కార్డులు: ఏ ఫ్లాట్, డి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్ మైనర్. పైన చెప్పిన ఎనిమిదిలో వీటిలో ఒక్కటీ లేదు. అన్నింటినీ అర మెట్టు దించితే జి, సి, డి, ఇ మైనర్ అవుతాయి. నాలుగూ సులువైనవే. దించిన ఆ అర మెట్టును తిరిగి ఎక్కించడానికి మెడ మీద మొదటి ఫ్రెట్టు దగ్గర కేపో బిగిస్తే సరి. కేపో అంటే మా ఫోర్‌మన్ పెన్సిల్ ముక్కకు పట్టిన దొరతనం. స్ప్రింగున్న ఇనుప పట్టీ అది. మౌంటు రోడ్డులో 1842 నాటి మ్యూజీ మ్యూజికల్ వంటి కొట్లలో దొరుకుతుంది. ఒక్కొక్క ఫ్రెట్టు ఒక్కొక్క అర మెట్టు. లెక్క అంతే.

ఈ లెక్క కంప్యూటరుకు అప్పగించడం ఏమంత కష్టం కాదు. సి నుంచి బి దాకా పన్నెండు స్థానాలకు 0 నుంచి 11 వరకూ అంకెలు వేస్తారు. ఎన్ని మెట్లు జరపాలో అంత కలుపుతారు. పన్నెండు వస్తే మళ్లీ సున్నా. ఉదాహరణకు ‘ఏ మైనర్’లో ‘ఏ’ అంకె 9. మూడు కలిపితే 12, అంటే 0, అంటే సి. కనుక సి మైనర్. ‘మైనర్’ అన్న తోకను ముట్టుకోదు. గడియారంలో పది గంటలకు మూడు కలిపితే ఒంటిగంట అవుతుందని తెలిసిన పిల్లవాడికి ఈ విద్య సగం వచ్చినట్టే. 1990ల మొదట్లో మార్టిన్ లెక్లెర్, మారియో డోరియన్ అనే ఇద్దరు ‘కార్డ్’ అనే చిన్న ప్రోగ్రాము రాశారు. పాటలో ఏ అక్షరం దగ్గర కార్డు మారాలో ఆ అక్షరానికి ముందు చతురస్రపు బ్రాకెట్లలో కార్డు పేరు రాస్తే చాలు, అది కార్డుల్ని పాట పైన వరుసగా అమర్చి, కావలసిన శ్రుతికి మార్చి, అచ్చు వేసి ఇచ్చేది. ఆ రాత పద్ధతే ఈనాడు ‘కార్డ్‌ప్రో’ పేరుతో ఎన్నో ప్రోగ్రాములకు ఆధారం. ఉచితంగా దొరికేవి కూడా ఉన్నాయి.

మా ఇంట్లో ఇది అవసరపడింది మా మనవడి గొంతు వల్ల. పద్నాలుగేళ్లవాడు. క్రిందటేడాది వరకూ వాళ్ల నాయనమ్మతో సమానంగా ఐదున్నరలో కంచులా పాడేవాడు. సంక్రాంతికి బొమ్మల కొలువు పేరంటంలో ఆవిడ అడిగిందని పాట అందుకున్నాడు. పల్లవి గడిచింది. చరణంలో పైకి వెళ్లేసరికి గొంతు రెండుగా చీలి, సగం పిల్లాడిది, సగం ఎవరో పెద్దమనిషిదీ పలికింది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వారు. వాడు మధ్యలోనే లేచి మేడ మీదికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి “ఇక నేను పాడను తాతయ్యా. ఉగాదికి నా పేరు తీసేయమని చెప్పు” అన్నాడు.

మగపిల్లలకు ఆ వయసులో గొంతు దిగడం సహజమేనని అందరికీ తెలుసు. దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. దిగే ఆ నెలల్లో పైన అందేది పోతుంది, కిందది ఇంకా కుదురుకోదు. కాని మా ఆవిడ దిగులు అది కాదు. వీడికి బడిలో తమిళం, ఇంగ్లీషు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళం తప్పనిసరి పాఠం అయింది. భాషా మైనారిటీల మినహాయింపుల గొడవ కోర్టుల దాకా వెళ్లింది, అది వేరే కథ. నేర్చుకోవలసిన భాషే, నాకేమీ అభ్యంతరం లేదు. మా ఇంట్లో అందరం తమిళంలో తగాదా కూడా పడగలం. అయితే వీడు తెలుగు చదవలేడు, రాయలేడు. ఇంట్లో మాట్లాడేదీ పొడి పొడి ముక్కలే. నాలుక తిరిగి నిండుగా నాలుగు వాక్యాలు తెలుగులో వచ్చేది పాట పాడేటప్పుడు మాత్రమే. “పాట మానేస్తే వీడికి మిగిలే తెలుగేమిటండీ?” అంది ఆవిడ. నా దగ్గర జవాబు లేదు.

కొందరు మిత్రులు ఫోనులో కరోకే ట్రాకు పెట్టి పాడించమన్నారు. ఆ ట్రాకులు అసలు పాడిన గాయకుల శ్రుతిలో ఉంటాయి. వాళ్ల గొంతు వాళ్లది, వీడి గొంతు వీడిది. పైగా వీడి గొంతు వారం వారం మారుతోంది. దానికి కావలసింది వీడితో పాటు దిగివచ్చే వాద్యం.

మా మనవరాలు, అంటే వాడి అక్క, కాలేజీలో రెండో సంవత్సరం. రెండేళ్లుగా గిటారు వాయిస్తోంది. కీబోర్డు వాయించేది మా తోడల్లుడి కొడుకు, పిల్లలకు బాబాయి. అతను క్రిందటేడాది ఐదున్నర శ్రుతిలో రాసిపెట్టిన కార్డుల కాగితం ఇచ్చాడు. ఆ అమ్మాయి దాన్ని ప్రోగ్రాములోకి ఎక్కించింది. మనవడిని బతిమాలి కూర్చోబెట్టి, నేను హార్మోనియం మీద ఒక్కొక్క మెట్టే దించుతూ ఒకే చరణం పాడించాను. నాలుగు శ్రుతి దగ్గర గొంతు చీలలేదు.

నాలుగు అంటే ఎఫ్. కార్డులు ఎఫ్, బి ఫ్లాట్, సి, డి మైనర్. మనవరాలు మొహం ముడుచుకుంది. ‘సులువైన కీ వెతుకు’ అన్న బొత్తాం నొక్కింది. ఆ ప్రోగ్రాము పన్నెండు శ్రుతుల్లోనూ పాటను వేసి చూసి, ఎందులో సులువైన కార్డులు ఎక్కువ వస్తాయో లెక్కపెట్టి చెబుతుంది. చెప్పింది కూడా: “జి లో వాయించండి, కేపో పదో ఫ్రెట్టు దగ్గర పెట్టండి.” లెక్క ప్రకారం తప్పులేదు. పదో ఫ్రెట్టు అంటే తీగ పొడవులో సగానికి కాస్త పైన మాత్రమే మిగులుతుంది. అక్కడ ఫ్రెట్లు ఇరుకు, వేళ్లు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. గిటారు గొంతు కూడా సన్నబడి బొమ్మ మాండలిన్‌లా పలుకుతుంది. ఈ సంగతి ప్రోగ్రాముకు ఎవరూ చెప్పలేదు. మా అమ్మాయి చెప్పింది. “కేపో నాలుగు దాటకూడదు” అని హద్దు పెట్టి మళ్లీ అడిగితే, “డి లో వాయించండి, కేపో మూడు” అంది. డి, జి, ఏ, బి మైనర్. మూడు సులువైనవి, బి మైనర్ ఒక్కటి మొండిది. దాన్ని కింది నాలుగు తీగల మీదే వాయించి సరిపెట్టుకుంది. ఈ వాద్యంలో అలాంటి సర్దుబాటు తప్పేమీ కాదు.

మొదటి రిహార్సల్లో కొత్త చిక్కు వచ్చింది. గిటారు కాగితంలో ‘డి’ అని ఉంటుంది, నిజంగా మోగేది ఎఫ్. మనవరాలు “డి నుంచి మొదలు పెడదాం బాబాయ్” అన్నది. అతను నిజంగానే డి వాయించాడు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. “కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉందిగా, మూడు ఎక్కించుకో” అన్నాన్నేను. “బటన్ నొక్కి వాయించేవాళ్లను మా గురువుగారు గుమ్మం ఎక్కనిచ్చేవారు కాదు పెదనాన్నా” అన్నాడు. అతని పౌరుషం అతనిది. చివరకు ప్రోగ్రాముతోనే రెండు కాగితాలు అచ్చు తీయించాం. గిటారుకు డి కార్డులతో ఒకటి, కీబోర్డుకు అసలు శ్రుతితో ఒకటి. పైన పెద్దక్షరాలతో ‘నాలుగు శ్రుతి’ అని రాశాను. ఇంట్లో ఎవరు ఏ భాషలో మాట్లాడినా అందరికీ అర్థమయ్యేది ఆ మాటే.

కీబోర్డు కాగితంలో ప్రోగ్రాము బి ఫ్లాట్ అనవలసిన చోట ఏ షార్ప్ అని అచ్చువేసింది. మెట్టు ఒక్కటే, మోత ఒక్కటే. “ఎలా రాస్తేనేం తాతయ్యా?” అంది అమ్మాయి. దీనికి జవాబు మన శాస్త్రంలో ఉంది. మనకూ స్వరస్థానాలు పన్నెండే, పేర్లు మాత్రం పదహారు. చతుశ్రుతి రిషభం ఉన్న చోటే శుద్ధ గాంధారం. 72 మేళకర్తల్లో మొదటిదైన కనకాంగిలో శుద్ధ రిషభం ముందే ఉంది కనుక పక్క మెట్టును మళ్లీ ‘రి’ అనకూడదు, ‘గ’ అనాలి. ఒక మేళంలో ఏడు స్వరాలూ ఒక్కొక్కసారి పలకాలి కదా. ఎఫ్ స్కేలులోనూ అంతే. ఏ ఒకసారి వచ్చేసింది, తరువాతిది బి కావాలి. ఏ షార్ప్ అంటే ఏ రెండుసార్లు, బి ఎక్కడా లేదు. పాశ్చాత్యుల పద్ధతీ మన మేళకర్తల పద్ధతీ ఈ ఒక్క విషయంలో ఇంత దగ్గరగా రావడం నాకెంతో ముచ్చటగా అనిపించింది. మంచి ప్రోగ్రాములు ఏ స్కేలో చూసుకుని పేరు పెడతాయి. నాసిరకంవి అంకెను చూసి పేరు పెడతాయి.

అన్నిటికంటే నవ్వించినది పాట మాటల సంగతి. పిల్లలకు తెలుగు చదవడం రాదు కనుక పాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చారు ఎవరో. ఇలా రాసిన పాటలు 1992లో మొదలైన ‘ఆన్‌లైన్ గిటార్ ఆర్కైవ్’ నాటి నుంచీ ఒక పద్ధతిలో ఉంటాయి: పై వరుసలో కార్డులు, కింది వరుసలో మాటలు, బ్రాకెట్లు లేవు. (పాటల ప్రచురణకర్తల హక్కుల అభ్యంతరాలతో 2006లో ఆ భాండాగారం మూతపడింది. పద్ధతి మాత్రం మిగిలింది.) ఏది కార్డు, ఏది మాట అన్నది ప్రోగ్రామే ఊహించుకోవాలి. ఇంగ్లీషు లిపిలో మన ‘ఆ’ ఒక్క అక్షరం, ‘ఈ’ ఒక్క అక్షరం. ‘ఏం’ అన్న మాట రాస్తే అచ్చు ఇ మైనర్‌లాగే ఉంటుంది! మా ప్రోగ్రాము శ్రద్ధగా ‘ఏం’ను కూడా మూడు మెట్లు ఎక్కించి జి మైనర్ చేసి పెట్టింది. పాటలో నాయిక ఏం చేయనని అడగవలసిన చోట జి మైనర్ చేయనని అడిగింది. నెల రోజుల తరువాత మనవడు మొదటిసారి పగలబడి నవ్వింది అప్పుడే.

దాంతో పాటను తెలుగు లిపిలోనే ఎక్కించాలని నిశ్చయించాను. తెలుగు లిపికి ఇంకో చిక్కుంది. మన అక్షరాలు సమానమైన వెడల్పులో ఉండవు. ‘ర’ ఎంత, ‘ఘ’ ఎంత! పై వరుసలో ఖాళీలు లెక్కపెట్టి అమర్చిన కార్డు ఫాంటు మారగానే పక్క అక్షరం మీదికి జారుతుంది. బ్రాకెట్ల పద్ధతిలో అయితే కార్డు అక్షరాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది. కాని ఏ అక్షరం దగ్గర కార్డు మారుతుందో చూపించాలంటే ఆ అక్షరం చదవడం రావాలి కదా. నేను టైపు చేశాను, అమ్మాయి బ్రాకెట్లు పెట్టింది. “ఇదేనా తాతయ్యా ‘మ’? ఇది ‘య’ కదా?” అంటూ మొదటి పాటకు రెండు సాయంత్రాలు పట్టింది. మూడో పాటకు అరగంట. తమ్ముడు పక్కనే కూర్చుని తప్పులు పట్టడం మొదలుపెట్టాడు, పాట వాడికి కంఠస్థం కనుక. చదవడం వచ్చేసిందని చెప్పను. గుణింతం ఇంకా తడబడుతూనే ఉంది.

ఫిబ్రవరి వచ్చేసరికి నాలుగులోనూ పై షడ్జం దగ్గర గీర మొదలైంది. మూడుకు దించాం. డి కార్డులు అవే, కేపో మాత్రం మూడో ఫ్రెట్టు నుంచి రెండో ఫ్రెట్టుకు దిగింది. వేళ్లకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. కీబోర్డు కాగితం మళ్లీ అచ్చు తీసుకుంటే సరిపోయింది. మార్చి మొదట్లో రెండున్నర. కేపో మొదటి ఫ్రెట్టు. ప్రతి శనివారం సాయంత్రం ముందు హార్మోనియం దగ్గర గొంతు చూడడం, తరువాత అంకె మార్చడం. “ఈ వారం ఎంత?” అని వాడే అడిగేవాడు, డాక్టరు దగ్గర బరువు చూసుకున్నట్టు. గొంతు పాడైపోయిందన్న దిగులు పోయి, ఎంత దిగిందన్న కుతూహలం వచ్చింది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. శ్రుతి మార్చడం వేరు, రాగం మార్చడం వేరు. మోహనాన్ని ఐదున్నరలో పాడినా రెండున్నరలో పాడినా మోహనమే, స్వరాల మధ్య దూరాలు మారవు గనుక. సులువు కోసం ఏ మైనర్ పాటను ‘కార్డులు దాదాపు అవేగా’ అని సి మేజర్‌గా వాయించేవారున్నారు. అది శ్రుతి మార్పిడి కాదు. ఆధారషడ్జాన్నే జరపడం, మన గ్రహభేదం లాంటిది. పాట స్వరూపమే మారిపోతుంది. అలాగే కొన్ని ప్రోగ్రాముల్లో ‘సులభం చెయ్యి’ అనే బొత్తాం వేరే ఉంటుంది. అది శ్రుతిని కాక కార్డుల్నే కత్తిరిస్తుంది, సెవెంతులూ గివెంతులూ తీసేసి మూడు స్వరాలకు కుదిస్తుంది. జనపదానికి ఫరవాలేదు. మద్రాసు స్టూడియోల్లో పుట్టిన మన మంచి సినిమా పాటలకు అలా చేస్తే పులుసులో ఇంగువ తీసేసినట్టుంటుంది.

గాయకుడి గొంతును బట్టి మెట్టు మార్చుకోవడం పూర్వం ఈ నగరంలో గిటారిస్టులు బుర్రలోనే చేసేవారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు సినిమాల్లో స్థిరపడకముందు నడిపిన లలిత సంగీత బృందంలో ఇళయరాజాగారు గిటారు, ఆ తరువాత హార్మోనియం వాయించేవారు. వాళ్లెవరూ బొత్తాలు నొక్కలేదు. మా కీబోర్డు బాబాయి వాదనా అదే, యంత్రం చేసిపెడితే పిల్లలు ఆ లెక్క ఎప్పటికీ నేర్చుకోరని. అందులో కొంత నిజం ఉంది. అయితే మా మనవరాలు ఈ మూడు నెలల్లో ప్రోగ్రామును తప్పుపట్టేంత నేర్చుకుంది. ఇప్పుడు మూడు శ్రుతి అనగానే ఫోను తీయకుండానే “డి, కేపో రెండు” అంటోంది. ఆమెకు ఇంకా బి మైనర్ లొంగలేదన్నదీ నిజమే.

ఉగాది సాయంత్రం రెండున్నర శ్రుతిలో వాడు పాడాడు. రెండో చరణంలో ఒక చోట గొంతు జారింది. ఆగలేదు. అక్క ఇంకో ఆవృతం వాయించి అందించింది, మళ్లీ అందుకున్నాడు. ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన ఒకరు “ఎవరండీ ఈ కొత్త కుర్రాడు?” అని మా ఆవిడను అడిగారట. క్రిందటేడాది కూడా విన్నవారే!

ఆ రోజు ఒక పద్యం పాడే మిత్రుడు నా పద్యానికి కూడా మీ కంప్యూటరుతో కార్డులు వేయించండి అన్నారు. రాగాలాపనతో, తాళం లేకుండా సాగే పద్యానికి కార్డులెందుకు? షడ్జ పంచమాలు రెండు తీగల మీద మీటుతూ ఉండమన్నాను అమ్మాయిని. కేపో జరిపితే అందుకూ శ్రుతి కుదిరింది. ప్రోగ్రాము అక్కరలేకపోయింది.

ఇప్పటికి 31 పాటలు తెలుగు లిపిలో, బ్రాకెట్లలో కార్డులతో ఎక్కించాం. దానితోబాటు మన సంఘంలో పాడేవాళ్లందరి పేర్లతో ఒక శ్రుతి పుస్తకం తెరిచాను. మామూలు నోటుపుస్తకమే: పేరు, పాట, శ్రుతి. శ్రుతి ఎంతో తెలియనివారు ఏ శనివారం సాయంత్రమైనా మా ఇంటికి వస్తే హార్మోనియం మీద చూసి చెబుతాను, కాఫీ మా ఆవిడ ఇస్తుంది. అన్ని పేర్లకూ ఇంకుతోనే రాశాను. మా మనవడి పేరు ఎదుట మాత్రం పెన్సిల్‌తో రాసి ఉంది. మొన్న రెండున్నర చెరిపి రెండు వేశాం. రెండు అంటే డి, కేపో అక్కరలేదు.